కనిపెట్టి ఉన్న రోజులు: కొన్ని డైరీ పుటలు

2024 జూలై 7, ఆదివారం. తెనాలి

ఈ ఉదయం ఆరాధనలో విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు చుట్టూ చూశాను. అందరి పెదాలూ కదులుతున్నాయి. కళ్లు మాత్రం ఎవరి దారి వాళ్లవి. ఫ్యాను మీద కొందరివి, గోడ గడియారం మీద కొందరివి, ముందు వరుసలో చంటిపిల్ల జడ మీద నావి. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. నోటికి వచ్చిన ప్రార్థనలంటే నాకు గౌరవం. లూథరన్ గుడిలో పుట్టి పెరిగినవాళ్లకి పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన అక్షరాలు దిద్దకముందే నోటికి వచ్చేస్తాయి. ఏం మాట్లాడాలో తోచని రోజున మనిషిని నిలబెట్టేవి అవే. నాన్న పోయిన రాత్రి అమ్మ నోట వచ్చిన మాటలు ఆమె కూర్చుకున్నవి కావు, తాతల నాటి నుంచి గుడిలో చెప్పుకుంటున్నవే. కాబట్టి మాటలు పాతవా కొత్తవా అని కాదు నా తపన. అవి పలికేటప్పుడు మనం అక్కడ ఉన్నామా లేమా అని.

ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా దీనికి ఒకే జవాబు వినిపిస్తోంది. మనసు కరగాలట, కన్నీళ్లు రావాలట, ఒళ్లు పులకరించాలట. అలా అయితేనే దేవుడు దగ్గరున్నట్టట. అందుకోసం మైకులు పెరుగుతున్నాయి, పాటకీ పాటకీ మధ్య కీబోర్డు ఆగకుండా మోగుతోంది. నా వల్ల కాదు ఆ మాట ఒప్పుకోవడం. నా జీవితంలో ఏ కదలికా లేని ఆదివారాలే ఎక్కువ. మా అమ్మకీ అంతే, అమ్మమ్మకీ అంతే అయివుంటుంది. అమ్మమ్మ రేపల్లె తాలూకాలో బైబిలు స్త్రీగా ఎండలో గట్ల వెంబడి ఊరూరా తిరిగిన మనిషి. రోజూ పులకరించి ఉంటుందా? అయినా వెళ్లింది.

ఫోను సంగతి కూడా రాసుకోవాలి. తెల్లవారుజామున అయిదు కాకుండానే గులాబీల బొమ్మ మీద వాక్యాలు వచ్చి పడతాయి. చదవకుండానే చేతులు జోడించిన బొమ్మ పంపేస్తాం. వాక్యం చదివినట్టూ కాదు, పంపిన మనిషిని పలకరించినట్టూ కాదు. ఇకనుంచి రోజూ ఒక్కరికైనా బొమ్మ బదులు ఫోను చేసి మాట్లాడాలి.

జూలై 13, రెండో శనివారం. రేపల్లె

పొద్దున్న బండికి వచ్చాను. ఈ తెనాలి, రేపల్లె రైలు దారి 1916లో పడింది. వేమూరు దాటాక రెండు పక్కలా మాగాణే. కొన్ని చేలల్లో వెద చల్లేశారు, కొన్ని ఇంకా నీళ్ల కోసం చూస్తున్నాయి. భట్టిప్రోలు స్టేషనులో ఎక్కినామె పక్కన కూర్చుని, స్తూపం దగ్గర కూలి పని దొరికిన రోజుల గురించి చెప్పుకొచ్చింది. రెండువేల ఏళ్లకు పైబడిన చోట గడ్డి పీకడం గురించి అంత విపులంగా ఎవరూ చెప్పలేదు నాకు. ఫోను సంచిలోంచి తీయలేదు.

అమ్మ ఇంట్లో అడుగుపెట్టేసరికి మరదలు గచ్చు కడుగుతోంది. గచ్చు మీద ఎర్రటి మరకలు, వంటింటి నుంచి మంచం దాకా. అమ్మ చెప్పులో చిన్న మేకు దిగి ఉంది. నిన్న సాయంత్రం నుంచీ ఆ చెప్పులతోనే తిరిగింది. అరికాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఆమెకి తెలియలేదు.

"నొప్పి లేదమ్మా నీకు?"

"నొప్పుంటే చెప్పనా అమ్మాయ్? నాకేం తెలియడంలా."

షుగరు ఇరవై ఏళ్ల నుంచి ఉంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అంటూనే ఉంది. తిమ్మిరి పోయిందని ఈ మధ్య సంతోషపడింది కూడా. అది పోవడం బాగుపడి కాదని, మొద్దుబారిపోయి అని డాక్టరు గారు ఇవాళ చెప్పారు. కట్టు కట్టారు, టెటనస్ ఇంజెక్షను చేశారు, రోజూ కాళ్లు చూసుకోమన్నారు. అమ్మ కళ్లు అంతంతమాత్రం. నడుము వంగదు. తన అరికాలు తాను చూసుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. ఇంకొకరి కళ్లు కావాలి.

రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది, మేకు చిన్నదైనందుకు.

జూలై 21, ఆదివారం. బాపట్ల

మా పాప ఇక్కడి వ్యవసాయ కళాశాలలో మూడో ఏడు చదువుతోంది. 1945లో మొదలైన కాలేజీ అది. చెట్ల నీడలు చూస్తేనే వయసు తెలుస్తుంది. దానికి పచ్చళ్లు ఇచ్చి, వదిన ఇంటికి వెళ్లాను. మా ఆయన అక్క. బాప్టిస్టు సంఘం. ఇక్కడ సాల్వేషన్ ఆర్మీ వాళ్ల కుష్ఠు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. మనిషి ఎక్కువ మాట్లాడదు. అమ్మ కాలు సంగతి చెప్పగానే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఆమె చెప్పినవన్నీ మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

కుష్ఠులో వేళ్లు వాటంతటవే రాలిపోతాయని జనం అనుకుంటారు. అలా కాదు. ఆ క్రిమి నరాలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోతుంది. స్పర్శ పోయిన చెయ్యి వేడి గిన్నె పట్టుకుంటుంది, వదలదు. స్పర్శ పోయిన కాలు ముల్లు మీద నడుస్తుంది, ఆగదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక దాకా పోతుంది. మనిషిని అవిటివాణ్ని చేసేది ఎక్కువగా ఆ పుళ్లే. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతి పట్టుకున్నాడు. తమిళనాట కొల్లి కొండల్లో మిషనరీల ఇంట 1914లో పుట్టిన ఇంగ్లీషు ఆయన. 1946లో వేలూరు వచ్చి, వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేస్తూ, నొప్పి తెలియకపోవడమే అసలు నష్టమని రుజువు చేశాడు. నొప్పిని దేవుడిచ్చిన వరమని చెప్పినవాడు ఆయన. వదిన శిక్షణ పొందిన రోజుల్లో వాళ్లకి ఆయన పేరు పాఠంలో భాగం.

"1980ల్లో కొత్త మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. జబ్బు నయమైపోయేది. కానీ పోయిన స్పర్శ తిరిగొచ్చేది కాదు. మందు అయిపోయింది సిస్టర్, ఇంకెందుకు రోజూ కాళ్లు చూసుకోవడం అనేవాళ్లు. అప్పుడే అసలు పని మొదలని చెప్పేవాళ్లం."

ఆ పని ఏమిటంటే: సాయంత్రం పూట కూర్చుని, పాదం తిప్పి, వెలుగులో చూసుకోవాలి. ఎరుపు ఉందా, వాపు ఉందా, బొబ్బ ఉందా. చేత్తో తడిమి ఎక్కడైనా వేడిగా ఉందేమో చూడాలి. కాళ్లు నానబెట్టి, గట్టిపడిన తోలు మెల్లగా రుద్ది, నూనె రాయాలి. చెప్పులు వేసుకునే ముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఏమీ తెలియడం లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోకూడదు. తెలియని చోటే ఎక్కువ చూడాలి.

"అమ్మకి నానబెట్టొద్దు," అంది. "షుగరు కాళ్లకి నానబెట్టడం మంచిది కాదు. నీళ్ల వేడి నువ్వు మోచేత్తో చూడు, ఆవిడ కాలితో చూడనివ్వొద్దు. వేళ్ల సందుల్లో తడి తుడువు. నూనె సందుల్లో రాయకు."

ముప్ఫయ్యేళ్లకు పైగా సాయంత్రాలు ఆమె ఇతరుల అరికాళ్లు చూస్తూ గడిపింది. అడిగాను, అలా చూస్తున్నప్పుడు ఎప్పుడూ దేవుడి సన్నిధి తెలిసేదా వదినా అని. కాసేపు ఆలోచించింది. "ఎప్పుడైనా. చాలా తక్కువ. వాసన ఎక్కువ తెలిసేది," అంది. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు ఇంత పట్టేది కాదు.

బండిలో తిరిగి వస్తూ నాకు ఇన్నాళ్లుగా మాటలకు అందని సంగతి అందింది. ప్రార్థనలో ఏమీ తెలియడం లేదని దిగులుపడటం ఆపాలి. విశ్వాసం అంటే తెలియడమని మనకి అలవాటు చేశారు. అది చూడటం కూడా. స్పర్శ ఉన్న రోజున ఎవరైనా చూస్తారు. లేని రోజున కూర్చుని, పాదం తిప్పి, వెలుగులో చూడటం ఒక విశ్వాసం.

జూలై 31, బుధవారం. తెనాలి

లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టిన రోజు. 1842. అప్పటికే ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. సాయంత్రం కూటంలో ఆయన కట్టించిన బడుల గురించి, బాప్తిస్మాల గురించి చెప్పారు. నాకు ఆయనలో నచ్చేది చివరి ప్రయాణం. డెబ్బై దాటాక, 1869లో, మూడోసారి ఓడెక్కాడు. రాజమండ్రి మిషను చేజారిపోతుంటే వదల్లేక. ఆ వయసులో అంత దూరం రావడానికి ఉత్సాహం ఒక్కటే చాలదు. ఎక్కడ ఏం జరుగుతోందో ముసలితనంలో కూడా చూస్తూ ఉండాలి.

అమ్మ కాలు మానుతోంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి మరదలు ఫోటో తీసి పంపుతోంది. వదిన చూసి చెబుతోంది. ఈ పుణ్యం ఫోనుకి దక్కాల్సిందే.

ఆగస్టు 6, మంగళవారం. తెనాలి

చుండూరుకి ముప్ఫై మూడేళ్లు.

బాపట్ల వెళ్లేటప్పుడల్లా ఆ స్టేషను దాటుతాం. బండి ఒక నిమిషం ఆగుతుంది. కొందరు దిగుతారు, కొందరు ఎక్కుతారు. కిటికీలోంచి చూస్తే చెట్లు, కరెంటు తీగలు, చేలు. తెలియనివాళ్లకి ఏమీ కనబడదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఊరి పెత్తందారీ కులాల గుంపులు దళితులను చేలల్లో తరిమి చంపాయి. ఎనిమిది మంది. శవాలు కాలవల్లో దొరికాయి. వాళ్లని ఊరి చివర కాకుండా ఊరి నడుమ పూడ్చిపెట్టారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు. చుండూరులోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టి విచారించారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

అప్పుడు నేను తొమ్మిది పూర్తిచేసి పదో తరగతిలో ఉన్నాను. ఊరు వదిలి పారిపోయి వచ్చినవాళ్లు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. అమ్మ అన్నం వండి, గిన్నెలకి గుడ్డ కట్టి, నన్ను వెంటబెట్టుకు వెళ్లింది. రిక్షాలో చెప్పింది: "ఏం జరిగింది అని ఎవరినీ అడగొద్దు. వాళ్లు చెబితే విను. చెప్పకపోతే కూర్చో."

అక్కడ చెట్టు కింద ఒకామె గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. అమ్మ అన్నం గిన్నె ఆమె పక్కన పెట్టి తనూ కూర్చుంది. మాట లేదు. ప్రార్థన చేద్దాం అనలేదు, వాక్యం ఎత్తలేదు. ఎండ మీదికి వస్తే ఇద్దరూ కలిసి నీడలోకి జరిగారు. మళ్లీ జరిగారు. నాకు విసుగు వచ్చింది, భయం వేసింది, ఇంటికి పోదామని కొంగు లాగాను. అమ్మ లేవలేదు. చివరికి ఆమే అంది, "పిల్ల ఎండకి వాడిపోతోంది, తీసుకెళ్లమ్మా" అని. ఆ పరిస్థితిలో ఉండి ఆమె నన్ను చూసింది.

ఆ తర్వాతి ఆదివారం గుడిలో శాంతి కోసం ప్రార్థన చేశారు. శాంతి అన్నారు, సమాధానం అన్నారు. చుండూరు అన్న పేరు ఆ ప్రార్థనలో లేదు. ఎందుకు లేదో పదిహేనేళ్ల పిల్లకి కూడా అర్థమైంది. పేరు చెబితే పక్షం చెప్పాల్సి వస్తుంది. ఆ తప్పించుకోవడం మీద నాకు ఇవాళ్టికీ కోపం చల్లారలేదు, చల్లారకూడదు కూడా. దేవుడి సన్నిధిలో నిలబడి ఎదుటివాడి దెబ్బ చూడకుండా ఉండటం కుదిరితే, ఆ నిలబడటంలో ఏదో మొద్దుబారింది. దాన్ని శాంతి అనకూడదు.

ఇవాళ మా బడిలో పదో తరగతి పిల్లలకి పాఠం పక్కనపెట్టి చుండూరు గురించి చెప్పాను. తరగతిలో చాలామంది ఆ పేరు రైలు స్టేషనుగానే విన్నారు. అన్ని వర్గాల పిల్లలూ ఉన్న తరగతి. నిశ్శబ్దంగా విన్నారు. చివర్లో ఒకడు అడిగాడు, "టీచర్, మరి చంపిందెవరు?" అని. ఆ ప్రశ్న రావడమే నాకు కావాల్సింది.

ఆగస్టు 18, ఆదివారం. తెనాలి

స్త్రీల సమాజంలో ఇవాళ మార్త, మరియ. ఏడాదికి ఒకసారైనా ఈ భాగం మా ముందుకు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మార్తలందరికీ చురక పడుతుంది. ప్రభువు పాదాల దగ్గర కూర్చోక వంటింట్లో ఏం చేస్తున్నారమ్మా అని. మీటింగు అయ్యాక టీలు కాచి, గ్లాసులు కడిగి, కుర్చీలు సర్దింది ఎవరో ఆ మాట చెప్పినవాళ్లు చూడలేదు. నేను లేచి మాట్లాడాను. లూకా రాసినదాంట్లో ఆయన మార్తను తప్పుపట్టింది వంట చేసినందుకు కాదు, అనేక పనుల మధ్య మనసు ముక్కలు చేసుకున్నందుకు. కూర్చున్నవాళ్ల మనసు మాత్రం ముక్కలు కాకుండా ఉందా? పాదాల దగ్గర కూర్చుని ఫోను చూసుకోవచ్చు. పొయ్యి దగ్గర నిలబడి ఆయన మాట వినవచ్చు. ఆ వెనక కూర్చునే పెద్దామె, ఎప్పుడూ మాట్లాడనిది, "అవునమ్మా" అంది గట్టిగా.

సీమోన్ వేల్ రాసిన ఒక వ్యాసం గురించి కూడా చెప్పాలనుకున్నాను గానీ టైము లేకపోయింది. యూదుల ఇంట పుట్టిన ఫ్రెంచి ఆమె, నాలాగే బడి పంతులమ్మ. ఫ్యాక్టరీలో కూలి పని చేసింది, 1943లో ముప్ఫై నాలుగేళ్లకే పోయింది. పోవడానికి ఏడాది ముందు విద్యార్థుల చదువు గురించి రాసింది. లెక్క రాకపోయినా సరే, దాని మీద మనసు పూర్తిగా నిలిపి కూర్చున్న గంట వృథా కాదని, ఆ నిలపడమే ఒకనాడు ప్రార్థనకూ బాధలో ఉన్న మనిషిని చూడటానికీ పనికొస్తుందని ఆమె వాదన. ఆ వ్యాసం చదివాక హాజరు వేసే పద్ధతి మార్చాను. ఇదివరకు రిజిస్టరు చూస్తూ పేర్లు పిలిచేదాన్ని. ఇప్పుడు పేరు పిలిచి తల ఎత్తి ఆ ముఖం చూశాకే గీత గీస్తున్నాను. రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. పొద్దున్న తినకుండా వచ్చిన పిల్లలెవరో తెలుస్తోంది. ఒక అమ్మాయి వారం నుంచి ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టడం లేదని తెలిసింది. ఎందుకో కూడా తెలిసింది, దాని గురించి ఇక్కడ రాయను. హెడ్‌మాస్టరు గారితో మాట్లాడాను.

సెప్టెంబరు 2, సోమవారం. తెనాలి

బడికి సెలవు. కృష్ణకి ఎన్నడూ లేని వరద. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు. నీళ్లు 11.4 లక్షల క్యూసెక్కులు దాటాయి. 2009 అక్టోబరులో వచ్చిన వరదే పెద్దదనుకునేవాళ్లం. ఇది దాన్ని మించింది. ఆ నీళ్లన్నీ కొల్లూరు, భట్టిప్రోలు లంకల మీదుగా రేపల్లె పక్కనుంచి పోయి సముద్రంలో కలవాలి. బెజవాడలో బుడమేరు ముంచిన సంగతి టీవీల నిండా ఉంది. దిగువన ఉన్న మా వాళ్ల గురించి ఒక ముక్క కూడా రావడం లేదు.

తమ్ముడు నిన్న రాత్రి నుంచి కరకట్ట మీదే ఉన్నాడు. ఊళ్లో కుర్రాళ్లు, పెద్దవాళ్లు, అన్ని కులాలవాళ్లూ టార్చిలైట్లు పట్టుకుని కట్ట మీద కావలి కాస్తున్నారు. ఇసుక బస్తాలు మోస్తున్నారు. తెల్లవారుజామున మూడింటికి ఫోను చేశాడు.

"నిద్ర ఆగడం లేదక్కా. మాట్లాడుతూ ఉండు."

నది ఎంత వచ్చిందిరా అని అడిగాను.

"నదిని చూస్తే లాభం లేదక్కా. అందరూ అటే చూస్తారు. చూడాల్సింది ఇటు పక్క, కట్ట అడుగున. ఎక్కడన్నా చెమ్మ వస్తోందా, నీళ్లు ఊరుతున్నాయా అని. ఊరే నీళ్లు తేటగా ఉంటే పర్లేదు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. ఎలుక బొరియ చాలు గండి పడటానికి."

మాట్లాడుతూనే నడుస్తున్నాడు. ఆగి, టార్చి వేసి చూసి, మళ్లీ నడుస్తున్నాడు. అతని ఊపిరి వినబడుతోంది, వెనక నీటి హోరు. గెత్సేమనే తోటలో ఒక్క గంట మెలకువగా ఉండలేకపోయిన శిష్యుల మీద చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అలిసిపోయారు. ఆయన దుఃఖం వాళ్లకి రాయి విసిరినంత దూరంలోనే ఉంది. అయినా అది వాళ్ల ఒంటికి తెలియలేదు. తమ్ముడి పక్కన ఎవరైనా ఉంటే నిద్ర ఆగుతుంది. ఆ తోటలో ఆయన అడిగింది కూడా అదేనేమో, పక్కన ఉండమని. ఏదో చేయమని కాదు.

నాకు 1977 గుర్తు లేదు, నేను ఒడిలో పిల్లని. నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడి వేల మందిని తీసుకుపోయిన రాత్రి అమ్మ ఇంటి దూలానికి చీర కట్టి నన్ను అందులో వేసి పట్టుకుని నిలబడిందట. ఇవాళ ఆమె మంచం మీద కూర్చుని, కొడుకు తిరిగి వచ్చేదాకా పడుకోనంటోంది. మరదలు ఈ హడావిడిలో కూడా ఎనిమిదింటికి కాలు ఫోటో పంపింది.

సెప్టెంబరు 3, మంగళవారం

కట్ట నిలిచింది. వరద తగ్గుముఖం. తమ్ముడు పొద్దున్న ఏడింటికి వచ్చి బురద కాళ్లతోనే పడి నిద్రపోయాడట. లంకల్లో మాత్రం ఇళ్లు, అరటి, పసుపు, కంద అన్నీ నీళ్లలో. పెనుమూడి వైపు జనాన్ని బడుల్లోకి చేర్చారు.

సెప్టెంబరు 7, శనివారం. రేపల్లె

వినాయక చవితి సెలవు. స్త్రీల సమాజం పోగుచేసిన బియ్యం, చీరలు, దుప్పట్లు తీసుకుని బస్సులో వచ్చాం. జనం ఉన్న బడిలో ఒక పక్క చిన్న మట్టి వినాయకుడు, పిల్లలు పెట్టుకున్నారు. ఇంకో పక్క మేం. పులిహోర వాళ్లు మాకు పెట్టారు.

మాతో వచ్చినవాళ్లలో ఒకరు బస్తాలు దించగానే వరసలో నిలబెట్టి ఫోటోలు తీయబోయారు. వద్దన్నాను. గట్టిగానే అన్నాను. ఇచ్చేటప్పుడు ముఖం చూడాలి, కెమెరాను కాదు.

వరండాలో కూర్చుని ఒక్కొక్కరితో మాట్లాడాను. రేపు గుడిలో విజ్ఞాపన ప్రార్థన ఉంటుంది, వరద బాధితుల కొరకు అని ఒక వాక్యంలో చెప్పేస్తారు. 1991 నాకు గుర్తుంది. అందుకే అయ్యగారికి ముందే ఫోను చేసి, పేర్లతో ప్రార్థిద్దాం అని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. ఒక్క మాట చెప్పారు: "వాళ్లని అడిగి రాయండమ్మా. కొందరికి ఇష్టం ఉండకపోవచ్చు." ఆ మాట విని ఆయన మీద గౌరవం పెరిగింది.

చాలామంది చెప్పారు. కొందరు తమ పేరు కాకుండా కొట్టుకుపోయిన గేదె పేరు చెప్పారు, రాసుకున్నాను. లంకలో కౌలుకి పసుపు వేసిన ఒకామె మాత్రం తల అడ్డంగా తిప్పింది. "నా పేరు గుళ్లో చదవొద్దమ్మా. నా కాగితాల సంగతి చూడు." రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తడిసి ముద్దయ్యాయి. కౌలు కాగితం అసలు లేదు, నోటి మాటే. పంట నష్టం డబ్బు వస్తే భూమి యజమానికి పోతుంది, ఆమెకి కాదు. ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది.

సాయంత్రం అమ్మ పాదాలు నేనే చూశాను. మడమ పక్కన కొత్తగా ఒక ఎరుపు. వేలితో నొక్కితే కాస్త వేడి. ఫోటో తీసి పంపితే వదిన వెంటనే ఫోను చేసింది, చెప్పు పట్టీ ఒరుసుకుంటోంది, ఆ చెప్పులు ఇవాళే మార్చేయమని.

సెప్టెంబరు 8, ఆదివారం. రేపల్లె

ఆరాధనలో పేర్లు చదివారు. చాలా సేపు పట్టింది. వెనక వరసల్లో ఒకరిద్దరు గడియారం చూశారు. గేదె పేరు వచ్చినప్పుడు పిల్లలు నవ్వారు, అయ్యగారు ఆగకుండా తర్వాతి పేరు చదివారు. నాకు ఒళ్లు పులకరించలేదు. ప్రతి పేరుకీ ఒక ముఖం ఎదుట ఉంది, అంతే.

పసుపు వేసిన ఆమె పేరు చదవలేదు. ఆరాధన అయ్యాక బడికి వెళ్లి ఆమెతో మాట్లాడాను. బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి తనతో మండల ఆఫీసుకి వెళ్లాలి. కౌలు రైతుగా పేరు ఎక్కించుకోవడానికి యజమాని సంతకం కావాలంటారు, ఆయన హైదరాబాదులో ఉంటాడట. నంబరు తీసుకున్నాను, ఈ రాత్రికే ఫోను చేయాలి. ఆమె దగ్గర పాస్‌పోర్టు సైజు ఫోటో లేదు. బస్టాండు దగ్గర స్టూడియో పదింటికి తెరుస్తారు.